చేపల ఐసు మీద గీకి చెప్పిన మాట

సుకురూ,

ఎలా ఉన్నావని అడిగే అలవాటు చేతికి ఇంకా పోలేదు. అడగనులే. నువ్వు వెళ్లిపోయి రెండేళ్ల తొమ్మిది నెలలు. ఇన్నాళ్లూ నీకు ఒక్క ముక్క రాయలేదు. రాయడానికేముంది అనుకున్నాను... ఇప్పుడుంది. ముందు నీకే చెప్పాలి.

లోయంతా వలిసె చేలు పసుప్పచ్చగా పూశాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి గాని, గట్టు మీది చిక్కుడు పాదును మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వదు. నా కాలేజీ, నా పాఠాలు ఎప్పటిలాగే. ఇవి కాదు చెప్పాలనుకున్నది.

పోయిన ఆదివారం సింహాచలం వచ్చాడు. నీ పటాలం వర్క్‌షాపులో నీ కింద పని నేర్చుకున్నాడే, బొబ్బిలివాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. సెలవు మీద వచ్చి, తిరిగి వెళ్లే ముందు మమ్మల్ని చూసిపోదామని కొండెక్కాడు. సంచిలోంచి నీ నోటుపుస్తకం తీసి, చూడమని నా చేతిలో పెట్టాడు. గ్రీజు మరకల అట్ట. లోపల నీ కోడిగీతలు. మధ్యలో జిగురు పెట్టి అంటించిన నా ఉత్తరం...

ఆ ఉత్తరం ఎందుకు రాశానో నీకు గుర్తుందా?

నాలుగు పేజీల ఇంగ్లీషు జిరాక్సు మడిచి పంపావు. కింద నువ్వు రాసింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా వచ్చు. “అక్కా, మంచు స్కూటరు మెత్తటి మంచులో బాగానే పోతాది. కింద తిరిగే రబ్బరు పట్టా మంచును లోపలికి ఎగజిమ్ముకుంటాది. పట్టాలోన ప్లాస్టిక్కు పలకలున్నాయి సూడు, ఆటికి ఆ మంచే నూనె, ఆ మంచే నీళ్లు. గట్టి ఐసు మీదైతే ఎగిరేది ఏటీ లేదు. పలకలు కాలి కరిగిపోతాయి, బండి ఆగిపోతాది. అందుకని పక్కల రెండు గీకుడు పుల్లలు బిగించాలట. అవి ఐసును గీకి పొడిసేసి లోపలికి జల్లుతాయట. రెండు రకాలొచ్చాయి. ఒకటి గట్టి ఉక్కు తీగ. ఇంకోటి సన్న తీగలు పేనిన తాడు. ఏది బిగించాలో సదివి సెప్పు. నాలుగు బళ్లకీ నేనే బిగించాల. నువ్వు పెద్ద సదువు సదివినదానివి.”

పెద్ద చదువు... విశాఖలో చరిత్ర ఎమ్మే చేసినదాన్ని. నాకు స్కూటరే నడపడం రాదు.

అయినా మూడు సాయంత్రాలు నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. రంధ్రం ఎక్కడ వేయాలి, బోల్టు ఎంత బిగించాలి, పుల్ల కొన వెనక్కి తిరిగి ఐసును ఎంత మాత్రం తాకాలి, రబ్బరు పట్టాకు తగలకుండా ఎలా చూసుకోవాలి, అక్కర్లేనప్పుడు పైకెత్తి కొక్కేనికి ఎలా తగిలించాలి, అన్నీ తెలుగులో పెట్టాను. గట్టి తీగను పైకెత్తకుండా బండిని వెనక్కి నడిపితే అది ఐసులో దిగబడి విరుగుతుంది, తాడుకు ఆ భయం లేదు అని కూడా రాశాను. అదంతా సరిగ్గానే రాశాను సుకురూ. ఎన్నిసార్లు సరిచూసుకున్నానో.

కానీ ఏది ఎంచుకోవాలన్న చోట ఆ కాగితాల్లో ఒకే మాట ఉంది. మీ ఐసును బట్టి ఎంచుకోండి అని. మీ ఐసు ఎలాంటిదో నాకేం తెలుసు?

అప్పుడు నేనో పని చేశాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

శుక్రవారం సంతకు వెళ్లాను. గట్టి తీగకు బదులు మన పాత గొడుగులోంచి ఊడదీసిన పుల్ల ఒకటి, పేనిన తాడుకు బదులు సైకిలు బ్రేకు తీగ ముక్క ఒకటి చేతిసంచిలో వేసుకున్నాను. విశాఖ నుంచి చేపల పెట్టెతో వచ్చే పైడమ్మ తెలుసు కదా. ఆమె పక్కన గొంతుక్కూర్చుని, చేపల మీది ఐసుగడ్డను ముందు పుల్లతో, తర్వాత తీగతో గీకాను. ఒక పక్క, మళ్లీ ఇంకో పక్క. కొనడానికి వచ్చినవాళ్లు నిలబడి చూస్తున్నారు.

“ఏటి మేడమ్మా, సేప కొంతావా, ఐసు తోముతావా?” అంది పైడమ్మ. “బేగి తేల్సు. సచ్చిన సేపలే సలికి మళ్లీ సచ్చీలాగున్నాయి!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గుపడి అరకిలో చేపలు కూడా కొన్నాను. గొడుగు పుల్ల ఐసులో దిగబడిపోయింది. బ్రేకు తీగ మాత్రం పొడిపొడిగా గీకింది, వేళ్ల మీద తెల్లగా పడింది. ఎంత సంతోషపడ్డానో! తమ్ముడికి జవాబు దొరికిందనుకున్నాను.

ఇంటికొచ్చి రాశాను: “తాడురకమే బిగించు. పుస్తకాల్లో చూశాను, తెలిసినవాళ్లను విచారించాను.”

ఏ పుస్తకాలు? ఎవరు తెలిసినవాళ్లు?

చేపల పెట్టె దగ్గర గీకి చూశానని రాసి ఉంటే నువ్వు పడీపడీ నవ్వేవాడివి. నవ్వి, “మా యక్కకి పిచ్చి” అనుకుని, ఆ రెండు రకాలూ అక్కడి ఐసు మీదే బిగించి చూసుకునేవాడివి. అదే కదా జరగాల్సింది... సంతలో నేను గీకింది మిట్టమధ్యాహ్నం నీరు కారుతున్న ఐసు. నీ దగ్గరి ఐసు గునపానికి కూడా లొంగదని అంతకుముందెప్పుడో నువ్వే రాశావు. ఆ ఉత్తరం నా బీరువాలోనే ఉంది. నాకు గుర్తు రాలేదా? గుర్తొచ్చీ పక్కకు నెట్టేశానా? ఏమో, తేల్చుకోలేకపోతున్నాను.

నెల తిరక్కుండా నీ జవాబు వచ్చింది. “నాలుగిటికీ బిగించీసేనక్కా. మా యక్క పుస్తకాలన్నీ తిరగేసి సెప్పిందని మావోళ్లకి సెప్పాను.”

ఆ తర్వాత జనవరి.

పటాలం నుంచి కాగితం వచ్చింది. దారిలో బండి ఆగిపోయిందని, నువ్వు గడ్డకట్టిన మంచు మీద నడుచుకుంటూ తిరిగొచ్చావని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, నాలుగో రోజున... అంతవరకే. బండి ఎందుకు ఆగిందో అందులో లేదు. నేనూ ఎవరినీ అడగలేదు. దుఃఖంలో అడగలేదనుకున్నాను. భయం వల్ల కాదని ఇప్పుడు అనగలనా?

ఆదివారం నాడు అడిగాను. సింహాచలం కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు సుకురు బండి ఎందుకాగింది నాయనా అన్నాను, ఊరికే అడిగినట్టు.

“ఎవులు సెప్పగలరక్కా? తరవాత మేమే ఎల్లి లాక్కొచ్చాం. పట్టాలోన పలకలు కరిగిపోయున్నాయి. ఐతే అది పాతబండి. ఆటికి ఎప్పుడు ఏటొస్తాదో ఎవులికీ తెల్దు,” అన్నాడు.

పలకలు కరిగిపోయున్నాయి. ఆ మాట అని, కాఫీ ఊదుకుని తాగాడు. నా మొహం చూడలేదు.

తర్వాత నోటుపుస్తకం మళ్లీ అందుకుని తెరిచాడు. “ఈయేడు ఆ బళ్లు నాకే అప్పసెప్పారక్కా. పాత పుల్లలు అరిగిపోనాయి. రెండు రకాలూ కొత్తవొచ్చాయి. నాకు ఇంగిలీసు రాదు, సుకురన్న పుస్తకమే నాకు గురువు. ఇందల మీరు సెప్పినట్టు తాడురకమే బిగించీమంటారా?”

నువ్వైతే ఏం చెప్పేవాడివి?

చెప్పడానికి నోరు తెరిచాను. రెండడుగుల దూరంలో అమ్మ చేటలో చిక్కుడు గింజలు ఒలుచుకుంటోంది, వింటోంది. సింహాచలమేమో, సుకురన్న అక్క గురించి బారకాసులో అందరికీ తెలుసని, నువ్వు నా ఉత్తరాలు పైకి చదివి వినిపించేవాడివని చెప్పుకుపోతున్నాడు. “మా యక్కకి తెలీనిదుండదురా” అనేవాడివట... నేను నా గ్లాసులో కాఫీని చెంచాతో కలిపాను. మళ్లీ కలిపాను. తర్వాత చూసి చెబుతానులే అన్నాను. చూసి చెప్పడానికి నా దగ్గరేముంది?

మర్నాడు ఉదయం రైలుకి వెళ్లిపోయాడు. నోటుపుస్తకం తీసుకునే వెళ్లాడు. స్టేషనుకు వెళ్లాను కూడా. కిటికీ దగ్గర నిలబడి జాగ్రత్త, ఉత్తరం రాయి, ఇంటికి రాసేటప్పుడు పిల్లల్ని అడిగానని చెప్పు అన్నాను. బండి కదిలింది. నన్ను నేను ఏమనుకోవాలి సుకురూ?

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. “ఆ అబ్బి ఏటడిగినాడే, కాఫీ కలిపీ కలిపీ సల్లార్సీసేవు?” ఏం లేదమ్మా అన్నాను. ఇంకో అబద్ధం.

ఆ సాయంత్రమే పోస్టాఫీసుకు పోయి టెలిగ్రాం ఇచ్చాను. పుస్తకంలో నేను చెప్పింది నమ్మవద్దు, ఉత్తరం వస్తోంది అని. కౌంటరులో ఉన్నాయన రెండుసార్లు చదువుకుని, “పాఠం తప్పు సెప్పేసేరేటి మేడమ్?” అని నవ్వాడు. ఔనన్నాను.

తర్వాత ఉత్తరం రాశాను. చేపల పెట్టె సంగతి, గొడుగు పుల్ల సంగతి, పుస్తకాల్లో చూశానన్న అబద్ధం, ఏదీ దాచలేదు. ఒక బండికి గట్టి తీగ, ఒక బండికి తాడు బిగించి, మీ ఐసు మీద, మీ చలిలో, వర్క్‌షాపు కనిపించేంత దూరంలోనే తిప్పి చూడు నాయనా అన్నాను. పలకల్ని చేత్తో తాకి చూడు, వెనక్కి నడిపీ చూడు, నీ కంటికి కనిపించిందే నమ్ము అన్నాను. చివర ఇంకోటి అడిగాను. సుకురు బండి నా మాట వల్లే ఆగిందని నీకు అనిపిస్తే, మొహమాటపడకుండా అదే రాయి అని.

టెలిగ్రాం చేరిందో లేదో తెలియదు. ఎస్టీడీ బూత్ నుంచి పటాలానికి మూడుసార్లు ప్రయత్నించాను. ఎవరో హిందీలో ఏదో అంటారు, లైను తెగిపోతుంది. ఉత్తరం అక్కడికి చేరడానికి పది రోజులో, పదిహేనో... రోడ్డు మూసుకుపోతే అదీ లేదు. ఈ పాటికి అతను రంధ్రాలు వేస్తూ ఉంటాడేమో. నా ఉత్తరం ముందు పెట్టుకుని, నేను చెప్పినట్టే, జాగ్రత్తగా, బోల్టులు బిగిస్తూ ఉంటాడేమో. ఇక్కడ కూర్చుని నేను చేయగలిగింది ఇంకేం మిగిలింది? నువ్వే చెప్పు... చెప్పవు.

నీకు ఒక్క మాట ఇస్తున్నాను. సింహాచలం జవాబు వస్తే, అందులో ఏమున్నా సరే, మీ మాట వల్లే అని ఉన్నా సరే, అమ్మను కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తాను. ఆమెకు చదువు రాదు కదా అని ఒక్క వాక్యం కూడా మార్చను.

ఉంటాను సుకురూ.

లచ్చక్క