తప్పిపోయిన ధర, దిగిపోయిన సగటు

ఏలూరు జిల్లా మండవల్లి కాపురస్తుణ్ణి, కైకలూరులో చేపల మేత దుకాణం నడుపుతున్నవాణ్ణి, ఆదివారాలు ప్రార్థన మందిరంలో జీతం లేని ప్రసంగీకుణ్ణి అయిన పెనుమాల దైవసహాయం అనే నేను, అరవై ఎనిమిదో ఏట, మతి స్థిమితంగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసిన విల్లు ఇది. ఈ స్థిమితం నాలుగేళ్ల కిందట ఉండి ఉంటే కాగితం ఇంకా పొడుగ్గా ఉండేది. నా ఆస్తి అంతా స్వార్జితం. పాత విల్లులు రద్దు.

1. నివాసపు ఇల్లు నా భార్య మణెమ్మకు సర్వహక్కులతో చెందాలి. నా పాపం కూడా ఇక్కడే రాస్తున్నాను. పది దేశాల షేర్లు కలిపిన ఎమర్జింగ్ మార్కెట్ ఫండు ఒకటి ఉంది. దాని ధర రెండు వందల రోజుల సగటు కన్నా బాగా దిగితే కొనాలి, బాగా ఎక్కితే అమ్మాలి, ఎంత దూరం పోయినా ధర సగటుకే తిరిగొస్తుంది అని ఫోనులో చూసి నేర్చుకున్నాను. ధర అంటే సువార్తలో పందులు మేపి చివరికి ఇంటికి తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుడు, సగటు తండ్రి ఇల్లు అని వేదిక మీద బోధించాను. మూడుసార్లు తిరిగొచ్చింది కూడా. నాలుగోసారి పడ్డప్పుడు సంఘాన్ని రెట్టింపు కొనమన్నాను. మణెమ్మ అందరిలో లేచి, "ఏవండీ, ఏటికేడు కొల్లేటి మట్టమే దిగిపోతుంటే, మీ సగటు మాత్రం ఎక్కడ నిలబడుద్దండీ?" అంది. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని అపొస్తలుడి మాట చెప్పి కూర్చోబెట్టాను. ఆ దేశాల్లో ఫండు ఎక్కువ డబ్బు పెట్టినదానికే యుద్ధం వచ్చింది, దాని షేర్లు అమ్మే దారి మూసుకుపోయింది. కుమారుడు ఇంటికి రాలేదు. ఇల్లే పందుల దొడ్డిలోకి దిగిపోయింది. ఇప్పుడు ధరా సగటూ అట్టడుగున ఒక్క గీత మీదే ఉన్నాయి, నేను బోధించినట్టే.

నా మైకు సెట్టు కూడా మణెమ్మదే. ఎవరూ ఆపకూడదు.

2. కైకలూరు దుకాణం, లోపలి సరుకుతో సహా, ఎండుచేపలమ్మే రత్నంగారికి. ఆమె ఇంటి శ్లాబుకని దాచుకున్నది నా ప్రసంగం విని ఫండులో వేశారు. ఇది దానం కాదు. ఆమె ఎవరికీ వందనాలు చెప్పనక్కర లేదు.

3. నా తమ్ముడు జీవన్‌కు ఏమీ లేదు. ఫండు ఏజెంటు వాడే. నేను ఓర్పు గురించి బోధిస్తుంటే ముందు వరసలో కూర్చుని ఆమెన్ అన్నవాడు, తన యూనిట్లు అంతకు ముందు వారమే అమ్మేసుకున్నాడు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మేడ కట్టాడు. ఏడుసార్లు కాదు, డెబ్బై ఏడులసార్లు క్షమించమని ప్రభువు సెలవు. నాకు ఇంకా మొదటిదే పూర్తి కాలేదు.

4. మిగిలిన ఫండు యూనిట్లు, నావీ, నా పేరున సంఘస్థులు వేసినవీ, నా తదనంతరం మొదటి పనిదినాన అమ్మేయాలి. వచ్చింది నా మాట విని వేసిన పదకొండు కుటుంబాలకు వారు వేసిన మేరకు పంచాలి. నా వాటా కూడా వాళ్లకే. ఈ విల్లు అమలు భారం మా అమ్మాయి రూబీది. రూబీ, ఆ రోజు ధర చూడకమ్మా. ఇంకొన్నాళ్లు ఆగుదాం, తిరిగొస్తుంది అని పెద్దమనిషి ఎవరైనా వాక్యం ఎత్తితే, ఆ మాట చెప్పే మా నాన్న పదకొండిళ్లు ముంచాడండీ అని చెప్పి, అమ్మేయి.

మండవల్లి, 2025 జూన్ 14.

(సంతకం) పెనుమాల దైవసహాయం

సాక్షులు, నేను చదివి వినిపించగా విని, నా ఎదుటనే సంతకం చేసినవారు:
ఏడుకొండలు, ఐసు ఫ్యాక్టరీ, కైకలూరు
వెంకట్రాజు, చెరువుల రైతు, కలిదిండి