సింహాచలం అనేవాడు లేడట

జూన్ 3, మంగళవారం

దొరల ఎంబసీ నుంచి ఇవాళా ఏమీ లేదు. నేను ఉత్తరం ఇచ్చి మూడు నెలలు.

మ సందా జాకెట్టు కొలతలకి వచ్చింది. ఎంబసీలో పనిచేసేది ఈ పిల్లే, ఉత్తరం ఈమె చేతికే ఇచ్చాను. నోట్లో గుండుసూదులు ఉన్నంతసేపూ ఊరుకున్నాను. తీశాక అడిగాను. "ప్రాసెస్‌లో ఉంది, డా ఖిన్ మే" అంది, బర్మా మర్యాదకి నా పేరు ముందు డా చేర్చి. జైల్లో ఉన్న తమ్ముడి కాలి పుండు ప్రాసెస్ అయ్యేదాకా ఆగుతుందా? అడగలేదు. చంక దగ్గర అరంగుళం వదులు పెట్టమంది. పెడతాను.

జూన్ 5

ఎంబసీ వాళ్ళ ప్రకటన, ఫోన్‌లో. మానవ హక్కుల పరిస్థితిపై తీవ్ర ఆందోళన. పరిస్థితిని నిశితంగా గమనిస్తున్నారట. గమనించండి, బాబూ. కళ్ళు నొప్పెడితే చెప్పండి, చుక్కల మందు పంపుతాను.

నాన్నకి చదివి వినిపించాను. ఎనభై రెండేళ్ళ మనిషి, పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. "మా తాతని శ్రీకాకులం నుంచి ఓడలో తెచ్చి ఈ రేవులో బస్తాలు మోయించినారు. అప్పుడు ఆల్లదే రాజ్యం. ఇప్పుడు మన ఉత్తరం ఒక్కటి మోయనేరేటి?"

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. మిషన్ ముందుకెళ్ళి కూర్చున్నాను.

జూన్ 10

జైలు దగ్గర పొట్లాం ఇచ్చే రోజు. ఎండురొయ్యల పొడి, సబ్బు తీసుకున్నారు. షుగర్ మాత్రలు తిప్పి ఇచ్చేశారు. పోయిన నెలా ఇంతే.

పోయిన నెల చూసినప్పుడు ఎడమ కాలి బొటనవేలు నల్లబడి ఉంది. "ఏం లేదు, చెప్పు కరిచింది" అన్నాడు. స్కూల్ మేస్టరు, అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు. సైన్యం గద్దెనెక్కాక సర్కారు బడికి వెళ్ళడం మానేసి, ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పాడు. అదే నేరం. మూడేళ్ళు వేశారు.

నేను విడుదల చేయించమని కూడా రాయలేదు. బయటి డాక్టర్ని ఒక్కసారి లోపలికి పంపించేలా మాట్లాడండి అన్నాను. అంతే.

జూన్ 12

కరెంటు లేదు. కాలి మిషన్ మీదే నాలుగు జాకెట్లు. వాన.

జూన్ 16, సోమవారం

మ సందా ఫోన్. గొంతులో పండగ. "శుభవార్త, డా ఖిన్ మే!"

వాళ్ళ పార్లమెంటులో ఎవరో సభ్యుడు అడిగాడట, బర్మా ఖైదీల సంగతి ఏం చేశారని. ఎంబసీ జాబితాలోని ఖైదీల పేర్లన్నీ ఇక్కడి అధికారుల దగ్గర ప్రస్తావించామని మంత్రి చెప్పాడట. అందులో సింహాచలం అనే వ్యక్తి ఏ జైల్లోనూ లేడని జవాబు వచ్చిందట. లేడంటే విడుదలైనట్టేనని మంత్రిగారు ఆ సంగతిని స్వాగతించారట. మావాడి పేరు జాబితాలోంచి తీసేశారు.

"ఇంటికి ఎప్పుడొచ్చాడు? చెప్పనే లేదే!"

ఏమన్నానో గుర్తులేదు. ఆరు రోజుల క్రితమే కదా వాడి కోసం సబ్బు ఇచ్చి వచ్చాను.

అదే రోజు, సాయంత్రం

ఉత్తరం నకలు తీసి చూశాను. తప్పు నాదే.

మావాళ్ళందరికీ రెండేసి పేర్లు. నేను బయట ఖిన్ మే, నాన్నకి నర్సని. ఇంట్లో తెలుగు పేరు. బడిలో చేర్చే రోజున బర్మా పేరు. రిజిస్ట్రేషన్ కార్డులో, కోర్టు కాగితంలో, జైలు పుస్తకంలో వాడు తాన్ నైంగ్. సింహాచలం అన్నది మా గుమ్మం లోపల. గుడిలో అర్చన చేయించినా, శ్రీకాకుళం చుట్టాలకి ఉత్తరం రాసినా ఆ పేరే. ఇంగ్లీషులో బయటి దేశంవాళ్ళకి రాస్తున్నాను కదా, చెయ్యి అలవాటుగా ఆ పేరే రాసేసింది. మూడుసార్లు చదువుకున్నాను. మూడుసార్లూ నా తమ్ముడి పేరు సరిగ్గానే కనిపించింది.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

కానీ అదే కాగితంలో వాడి వయసుంది, బడి ఉంది, పట్టుకెళ్ళిన తారీఖుంది, నా ఫోన్ నంబరుంది. మూడు నెలల్లో ఒక్క ఫోన్ చెయ్యడానికి ఒక్క దొరకీ వేలు రాలేదు. స్వాగతించడానికి మాత్రం నోరొచ్చింది.

నాన్నకి చెప్పాను. "నేడన్నారా? ఆడు నేడని సెప్పినారా?" లేడు అన్న ఆ మాటొక్కటే, మళ్ళీ మళ్ళీ.

జూన్ 18

ఎంబసీకి వెళ్ళాను. చల్లటి గది, గ్లాసులో నీళ్ళు. దొర కుర్రాడే, మంచివాడిలాగే ఉన్నాడు. మ సందా బర్మా భాషలోకి చెప్పింది. తను కొత్త జాకెట్టు వేసుకొచ్చింది, భుజం దగ్గర కొంచెం లాగుతోంది.

"చాలా విచారిస్తున్నాం." అయితే, మంత్రిగారి జవాబు రికార్డయిపోయింది. మళ్ళీ జాబితాలో చేర్చాలంటే రెండు పేర్లూ ఒకే మనిషివని ముద్రతో కాగితం కావాలి. వార్డు ఆఫీసు నుంచి.

వార్డు ఆఫీసు! తమ్ముణ్ణి పట్టుకెళ్ళిన రోజు సైనికులకి మా తలుపు చూపించింది ఆ ఆఫీసువాళ్ళే. చెప్పాను. మ సందా తర్జుమా చేసింది. ఆయన తలూపి రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో.

"మీరే అడగొచ్చు కదా, తాన్ నైంగ్ ఉన్నాడా అని?"

"సరిచూడని పేరు ఎత్తితే మా మాటకి విలువ పోతుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. థాంక్యూ చెప్పి వచ్చేశాను. ఆ థాంక్యూ ఎందుకు చెప్పానో ఇప్పటికీ కోపంగా ఉంది.

జూన్ 20

వార్డు ఆఫీసు దాకా వెళ్ళాను. గొడుగు మడిచాను. మళ్ళీ విప్పాను. వచ్చేశాను.

జూన్ 24

ఇవాళ లోపలికి వెళ్ళాను. ఎందుకీ కాగితం అన్నాడు గుమాస్తా. ఇండియాలో చుట్టాలకి పంపాలన్నాను. వాడు నా మొహం చూశాడు, కార్డు చూశాడు, మళ్ళీ నా మొహం. సంచీ రెండు చేతులా పట్టుకునే ఉన్నాను.

ముద్ర వేశాడు!

చిమిండైంగ్ బజారులో ఇంత చేప కొన్నాను. నాన్న రెండుసార్లు వడ్డించుకున్నారు. ఎంబసీ ఇక్కడి అధికారులకి ఈసారి ఇవ్వబోయే పెద్ద జాబితా వచ్చే గురువారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుందని మ సందా అంది. ఈలోగా మంగళవారం తమ్ముణ్ణి చూడొచ్చు. చూశాకే ఇద్దామనుకున్నాను, కాలు ఎలా ఉందో కూడా రాయొచ్చని.

జూలై 1, మంగళవారం

చూశాను.

ఇంకొకరి భుజం పట్టుకుని వచ్చాడు. పాదమంతా గుడ్డ చుట్టి ఉంది. మడమ పైన కనపడినంత మేర రంగు బాగాలేదు.

లోపల తెలుగు మాట్లాడనివ్వరు, గార్డుకి అర్థం కావాలి. ఇంట్లో నన్ను అప్పా అని పిలిచేవాడు అక్కడ మమ అంటాడు, అదీ అక్కే. బర్మా భాషలోనే నవ్వుతూ మొదలుపెట్టాడు, "మమ, ఒక తమాషా."

పోయిన నెల వీళ్ళ హాలుకి వచ్చి అరిచారట, సింహాచలం ఎవడు, లేచి నిలబడు అని. ఎవరూ లేవలేదు. అప్పుడు వీడి దగ్గరికే వచ్చి, నువ్వు కలావే కదా, మీ ఇండియావాళ్ళ పేరే కదా, నీకు తెలీదా అన్నారట. కలా అన్నది మాలాంటివాళ్ళని వాళ్ళు ఈసడించే మాట.

"తెలీదన్నాను, మమ. మర్నాడు జైలరు గదికి తీసుకెళ్ళి మళ్ళీ అడిగారు. నిలబెట్టే ఉంచారు, పొద్దంతా. తెలీదనే అన్నాను."

నవ్వుతూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం నా మొహం మీదే. "ఇంట్లో అందరూ ఉన్నారు కదా? నాన్న ఇంట్లోనే ఉన్నారు కదా? నిన్నెవరూ ఎక్కడికీ రమ్మనలేదు కదా?"

అప్పుడు అర్థమైంది. ఆ పేరు మావాళ్ళకి తప్ప బయట ఎవరికీ తెలీదని వాడి లెక్క. నన్నో నాన్ననో పట్టుకుని కొట్టి చెప్పించారని అనుకున్నాడు. ఆ కాలితో పొద్దంతా నిలబడింది మమ్మల్ని కాపాడడానికి. ఆ పేరుతో వాణ్ణి పిలిపించింది నేను. డాక్టరు కోసం.

గార్డు వాచీ చూసుకుంటున్నాడు.

"నేను చేసింది మంచి పనే కదా, మమ?"

"మంచి పనే" అన్నాను.

పొంగిపోయాడు, చిన్నప్పుడు పలక చూపించినప్పటిలాగా.

జూలై 2, బుధవారం

కాగితం ఇస్తే రెండు పేర్లూ కలిపి పిలుస్తారు. ఈసారి లేవక తప్పదు. జైలరు మొహం మీద అబద్ధం చెప్పినవాడని తేలుతుంది. ఆ తర్వాత డాక్టర్ని పంపుతారో, చీకటి గదికి పంపుతారో... దొర నిశితంగా గమనిస్తాడు.

ఇవ్వకపోతే ఆ కాలు.

నాన్న పొద్దుట్నుంచి మూడోసారి, "ఇచ్చేసినావేటి, నర్సా?" వాడు ఏం చేశాడో ఆయనకి చెప్పలేదు. ఎలా చెప్పను?

ఇప్పుడే మ సందా మెసేజ్. రేపు పన్నెండింటికి జాబితా మూసేస్తారట. కాగితం దొరికిందా అని.

దొరికిందని రాశాను. పంపుతున్నానని రాయలేదు.