ఎర్ర గుడ్డ కట్టిన రేగు

నాన్నా,

ఇవాళ నీ మూడో సంవత్సరీకం. భోజనాలయ్యాక పెరట్లోకి వెళ్లాను.

గింజ నాటి పెంచిన ప్రతి రేగుచెట్టుకీ నువ్వు ఒకటే పరీక్ష పెట్టేవాడివి. మొదటి కాపులో ఒక్క పండు కొరికి, నచ్చకపోతే ఉమ్మేసి కొమ్మకి ఎర్ర గుడ్డ కట్టేవాడివి. మర్నాడు దాన్ని నరికేసేవాడివి. నేను టెన్త్ తప్పిన రోజు, భన్‌పురి నుంచి వచ్చిన నీ ఫ్యాక్టరీ వాళ్ల ముందు "దీనికీ ఓ గుడ్డ కట్టాలి" అని నవ్వావు.

ఆఖరుసారి నువ్వు గుడ్డ కట్టిన చెట్టుని నరికేలోపే పోయావు. ఇప్పుడు దాని పళ్ల కోసం పక్కింటి చాచీ రోజూ గిన్నె పట్టుకొస్తోంది. "బహుత్ మీఠా హై బేటీ" అని ఆ తీపిని మెచ్చుకుంటూ సగం ఇక్కడే తినేస్తుంది.

మొదటి కాపు బాగుందని ఇంకో చెట్టుకి నీ పేరు పెట్టుకున్నావే, ఆ చెట్టు విషయంలో నేను నీలా తొందరపడలేదు. మూడు కాపులు చూశాను. మూడేళ్లూ పండు పులుపే, లోపల పురుగే. రేపు కొట్టించేస్తాను.

ఇవాళ దానికి గుడ్డ కట్టాను. ఎర్రది ఇంట్లో ఇంకేదీ దొరక్క నీ తువ్వాలు చింపాను. ఇన్నాళ్లూ ఉతక్కుండా దాచుకున్న తువ్వాలు అది.