రెండు కుడి రెక్కలు

భూదాన్ పోచంపల్లి,
4 ఫిబ్రవరి 2024.

మక్తల్‌లో ఉన్న మెహ్రీన్‌కు, పోచంపల్లి నుంచి రమ సలాములు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, మీ అమ్మీ ఇక్బాల్ బీ, మీ ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాయాలని మనకు ఏడో తరగతిలో నేర్పారు, గుర్తుందా? తొమ్మిదేళ్లుగా నీ కుశలం నాకు తెలియదు కనుక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

కవరు మీద నా పేరు చూసి చింపెయ్యకుండా ఇంతవరకు చదివావంటే అదే సంతోషం. గొడవ సంగతి తర్వాత. ముందు నిన్నొక సలహా అడగాలి. నవ్వకూడదు మరి. నేనొక విమానం కట్టాలనుకుంటున్నాను.

మనుషులు ఎక్కేది కాదులే. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగడుగులు. రిమోట్ పట్టుకుని మనం కింద నిలబడితే అది పైన తిరుగుతుంది. పోయిన డిసెంబరులో ఒక ఆదివారం వీధి పొడుగునా పడుగు చాపి పోగులు సరిచూసుకుంటున్నాం. అట్లాంటిదొకటి, పసుపుపచ్చది, ఎక్కడినుంచో వచ్చి సరిగ్గా పడుగు మధ్యలో పడింది. ముప్పై నలభై పోగులు తెగాయి. మా అత్తమ్మ ఉప్పలమ్మ సంగతి నీకు తెలిసిందే కదా. “ఎవడయ్యా గీ పిట్టను ఇడిచింది, జర ముంగటికి రా, మొఖం జూస్త” అని వీధంతా వినపడేలా కేక పెట్టింది.

వచ్చినాయన పేరు అమరేందర్. రిటైరైన లెక్చరరట, ఉండేది చౌటుప్పల్‌లో. ఆదివారాలు ఎండిన చెరువు దిక్కు వచ్చి ఎగరేసుకుంటాడట. పాపం, చేతులు కట్టుకుని నిలబడి “తప్పైందమ్మా, గాలికి చెయ్యి తప్పింది” అన్నాడు. నేను పోగులు అతుకుతుంటే ఆ పక్కనే కూర్చున్నాడు, నా ఒళ్లో విమానం పెట్టి. రెండు పట్టుచీరల బరువు ఉంటుందేమో, అంతే. రెక్క మీది పొర ఒకచోట చిరిగింది. లోపల సన్నని కర్రముక్కలు, పక్కటెముకల్లా వరసగా, ఒకదానికొకటి ఎంత దూరమో అంతే దూరంలో. అది చూసి నా ప్రాణం లేచొచ్చింది. అది చేతిపని మెహ్రీన్! చేతిపనైతే నాకెందుకు రాదు అనుకున్నాను.

ఆరోజు నుంచి నా బుర్ర నేల మీద లేదు. కాళ్లు మగ్గం తొక్కుతుంటాయి, నేను మాత్రం ఇంటి కప్పు మీదుగా లేచిపోతుంటాను. వీధుల్లో చాపిన పడుగులు పైనుంచి ఎట్లా కనబడతాయో చూస్తాను. ఎర్రవి, నల్లవి, ఇంకా ముడులు విప్పనివి. హైదరాబాద్ బస్సు అగ్గిపెట్టెంత. అక్కడినుంచి దక్షిణంగా తిరిగితే గుట్టలు, బండలు, పత్తిచేలు, మళ్లీ గుట్టలు. మర్రిగూడ దాటాక నేల ఎర్రబడుతుంది. అట్లా పోగా పోగా, మధ్యాహ్నం ఎండలో అంతా మసకగా ఉన్నచోట మీ మక్తల్ వస్తుంది. ఇంతలో పేక తెగుతుంది, నేను కింద పడతాను. మా ఆయన శివకృష్ణ “ఏ ఊర్ల దిగినవ్ ఇయ్యాల?” అని అడుగుతాడు. రోజుకో ఊరు పేరు చెబుతాను. మీ ఊరి పేరు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు సలహా. అమరేందర్ సారు నాకు నాలుగు రకాలు చూపించాడు. ఒకటి థర్మోకోల్ లాంటి నురుగు అట్టది. అన్నీ తయారై వస్తాయి, నాలుగు ముక్కలు అతికిస్తే అయిపోయె. అదైతే కొన్నట్టే గాని కట్టినట్టు కాదు. రెండోది ఇంజను ఊసే లేకుండా గాలి మీద తేలేది. పొడుగాటి రెక్కలు, చూస్తుంటే నిద్ర పట్టేంత హాయి. కానీ దాన్ని ఎగరెయ్యాలంటే గుట్ట ఎక్కాలట. మూడోది యుద్ధవిమానం. ఎంత అందంగా ఉందో చెప్పలేను, ముక్కు మీద రంగుల చారలు. ఈ సారేమో “గది తొలిసారి ఎగరేసెటోళ్ల చేతిల రెండు నిమిషాలు గూడ ఉండదమ్మా” అంటాడు. నాలుగోది బాల్సా అనే తేలిక కర్రతో మొదటినుంచీ మనమే కట్టుకునేది. రెక్క వీపు మీద ఉంటుంది, నెమ్మదిగా పోతుంది. మనం కంగారుపడి చేతులు వదిలేసినా తనంత తాను సర్దుకుంటుందట. చూడ్డానికి మాత్రం బడిపిల్ల సంచిలా ఉంటుంది.

నా మనసు మూడోదాని మీద, బుద్ధి నాలుగోదాని మీద. ఏది తీసుకోను? ఏ రంగులెయ్యను? రంగుల మాట వచ్చేసరికి నాకు నువ్వు తప్ప ఎవరూ తోచలేదు. మీ బాపు బషీర్ చాచా రంగుల కొట్టంలో పెరిగినదానివి. తడి నూలు చూసి, ఆరాక ఏ రంగు తేలుతుందో చెప్పేదానివి.

గొడవ సంగతి తర్వాత అన్నాను గాని, రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. 2015లో జిల్లా పోటీకి మనిద్దరం కలిసి పెట్టిన చిలకల చీరలో, ముఖాముఖి ఉండాల్సిన రెండు చిలకలూ ఒకే దిక్కు చూస్తూ వచ్చాయి. గ్రాఫు చూసి, రంగు అంటకూడని చోటల్లా పోగుల మీద ముడులు కట్టింది నేను. రంగయ్యాక విప్పి, ఎడమా కుడీ గుర్తులు పెట్టింది నువ్వు. నువ్వు ఒక నూలు కట్టను తిరగేశావని వాడకట్టంతటి ముందు నేనన్నాను. నువ్వు “నేను తిప్పలె రమా, అల్లా తోడు” అన్నావు. ఎవరూ వినలేదు. ఆ తర్వాత వాడలో ఎవరూ మీ కొట్టానికి నూలు పంపలేదు. ఏడాది తిరగకముందే మీరు మక్తల్ వెళ్లిపోయారు. అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది. మళ్లీ నీతో మాట కలపాలని ఉంది, అదొక్కటే నా కోరిక.

జవాబు రాస్తే సంతోషం. రాయకపోతే అలిగే హక్కు నాకు లేదు.

నీ స్నేహితురాలు,
రమ.


భూదాన్ పోచంపల్లి,
19 మార్చి 2024.

మెహ్రీన్‌కు రమ సలాములు. ఈసారి నీ కుశలం కొంచెం తెలిసింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నీ కార్డు అందింది. పలకరింపు లేదు, సంతకం లేదు. “నెమ్మదిగా పోయేదే తీసుకో. రెక్క పైన పచ్చ, కింద ముదురు నీలం. కింద లేత రంగేస్తే ఆకాశంల కలిసిపోతది, ఎటు తిరిగిందో తెల్వది.” అంతే. నాలుగుసార్లు చదివాను. నువ్వే వచ్చి మగ్గం గుంట అంచున కూర్చుని, నా ముఖం చూడకుండా చెప్పినట్టుంది. అమరేందర్ సారుకు చూపిస్తే “గీమె ఎన్నేండ్ల సంది ఎగరేస్తున్నది?” అని అడిగాడు. ఎగరెయ్యదు సార్, రంగు తెలుసు అన్నాను.

నాలుగోదే తెప్పించాను. పెట్టె వచ్చిన రోజు మా ఇంట్లో తిరునాళ్లే అనుకో. మూత తీస్తే అన్నీ చీల్చిన కర్రపేళ్లు. “గివా? గివి పొయ్యిలకు గూడ సాలయి” అని పెదవి విరిచింది అత్తమ్మ. ఒక పేడును అరచేతిలో పెట్టి ఊదితే లేచి పడింది. అప్పుడు మాత్రం నోరు మూసుకుని ఇంకోసారి ఊదింది.

అసలు కథంతా దాంతో వచ్చిన కాగితంలో ఉంది. పరిస్తే మంచమంత. దాని మీద విమానం ఎంత ఉంటుందో అంతే గీశారు. ఆ గీతల మీదనే కర్రలు పెట్టి, గుండుసూదులు గుచ్చి, జిగురు పెట్టడమే. గ్రాఫు చూసి ముడి కట్టడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. గీత మీద చెయ్యి నిలబడితే చాలు. మధ్యాహ్నం వేళ, బువ్వ తిని అందరూ నడుం వాల్చినప్పుడు, గంటన్నర దాని ముందు కూర్చుంటాను. ఆ గంటన్నర నేనెవరి కోడలినీ కాదు, ఎవరి భార్యనూ కాదు. రెక్కకు పొర కూడా కొనొద్దు అనుకున్నాను. వెనకటి రోజుల్లో సన్నని పట్టుబట్ట అంటించేవారట. పట్టుకు మనకు కరువా?

రంగు మాత్రం నువ్వు వచ్చి అద్దుతావా? అడగకూడదేమో. అడిగేశాను.

నీ రమ.


భూదాన్ పోచంపల్లి,
12 మే 2024.

మెహ్రీన్‌కు రమ సలాములు.

నీ రెండో కార్డు చేరింది. రంగుల బట్టీ లేకపోయినా బకెట్లో అద్దుకోవచ్చని, జూన్‌లో అమ్మీని హైదరాబాద్ దవాఖానకు తెచ్చేటప్పుడు ఒక పూట పోచంపల్లిలో దిగుతానని రాశావు. కార్డు పట్టుకుని వాకిట్లోకీ ఇంట్లోకీ ఎన్నిసార్లు తిరిగానో. కానీ నువ్వు బస్సు దిగకముందే ఒక సంగతి నీకు తెలియాలి. అది చదివాక వచ్చేదీ మానేదీ నీ ఇష్టం.

కుడి రెక్క ఏప్రిల్‌లో అయిపోయింది. వంక పెట్టడానికి లేకుండా వచ్చింది. శివకృష్ణ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. “నువ్వు మగ్గం ముంగట గాదు, ఏరోడ్రోముల పుట్టాల్సినదానివి” అని ఆటపట్టించాడు. ఆ ఊపులో రెండో రెక్క తొమ్మిది రోజుల్లోనే కట్టేశాను. నిన్న రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాని గుండ్రని ముందంచు ముందుకు ఉంటే, రెండోదానిది వెనక్కి ఉంది. బోర్లా తిప్పి చూశాను, వంపు తలకిందులైంది. ఎట్లా పెట్టినా జత కుదరలేదు. నేను కట్టింది రెండూ కుడి రెక్కలే.

అమరేందర్ సారు వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. కాగితంలో ఒక్క రెక్కే గీస్తారట. రెండో రెక్కకు కాగితాన్ని తిరగేసుకోవాలి, గీతలు వెనకవైపు కనబడేందుకు నూనె రాసుకోవాలి. ఆ ముక్క కింద చిన్న అక్షరాల్లో ఉంది. “తొలిసారి కట్టెటోళ్లల్ల సగం మంది గిట్లనే జేస్తరమ్మా, ఫికర్ జెయ్యకు” అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. చిలకల గ్రాఫు గుర్తొచ్చింది. దానిలోనూ మనం ఒక్క చిలకనే గీశాం, రెండోది తిరగేసుకుని చూడాలని. పెట్టె అడుగున వెతికి తీశాను. రెండో కట్ట ముడులకు నేను పెన్సిలుతో పెట్టిన టిక్కులు ఇంకా ఉన్నాయి. కాగితం తిప్పితే చివరి వరస నుంచి పడాల్సినవి, తిప్పకుండా మొదటి వరస నుంచే పెట్టినవి. నువ్వు ఏ కట్టనూ తిరగెయ్యలేదు మెహ్రీన్. తిప్పాల్సింది నేను, తిప్పలేదు. ఇన్నేళ్లకు, ఈ కర్రముక్కల పుణ్యమా అని, నిన్న నాకు తెలిసింది.

నన్ను క్షమించమని అడగడానికి మాటలు చాలడం లేదు. బషీర్ చాచా బతికున్నప్పుడే ఇది తెలిసి ఉంటే ఆయన కాళ్లు పట్టుకునేదాన్ని.

నీ రమ.

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి మళ్లీ తీశాను. పైన ‘నిన్న తెలిసింది’ అని రాశాను కదా, అది అబద్ధం. నాకు తొమ్మిదేళ్ల కిందటే తెలుసు. నువ్వు ఏడుస్తూ వెళ్లిన సాయంత్రమే గ్రాఫు తీసి చూశాను, ఆ టిక్కులు చూశాను. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి నీ మీద మాట వాడ దాటిపోయింది. ఇప్పుడు చెబితే నన్నేమంటారో అని ఎల్లుండికి పెట్టాను. తర్వాత మీ కొట్టానికి తాళం పడింది. చాచా పోయిన కబురు వచ్చినరోజు కూడా నేను మగ్గం దిగలేదు. రెండు కుడి రెక్కలు నాకు కొత్తగా చెప్పిందేమీ లేదు. ఇక దాచడానికే చేతకాలేదు. ఇంట్లో పొద్దున చెప్పాను. శివకృష్ణ లేచి బయటికి వెళ్లాడు. అత్తమ్మ మాత్రం “ఇక్బాల్ బీ మొఖం ఎట్ల జూస్తవే?” అంది. ఫోన్‌లో చెబితే రేపు నువ్వెవరికి చెప్పినా నమ్మరు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. టిక్కులున్న ఆ గ్రాఫు కూడా ఇదే కవర్లో ఉంది. నకలు ఉంచుకోలేదు. వాడలో ఎవరికి చూపించాలనుకుంటే వాళ్లకు చూపించు. కింద పూర్తి పేరు రాస్తున్నాను.

తడక రమ.