అల్లుడడిగిన న్యాయసలహా

జనవరి 4

అల్లుడు పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో నోటీసు అంటించారట. కార్మిక భద్రతా శాఖ ఉత్తర్వు. ఊరంతా తిరుగుతున్న అంటుజ్వరానికి నెలాఖరులోగా టీకా వేయించుకోనివాళ్ళకి ఉద్యోగం ఉండదు. రోజంతా కటింగ్ మెషీన్ బ్లేడు పక్కన నిలబడే మనిషి, సూదంటే వణుకు. అమ్మ ఆస్తమా చూసైనా వేయించుకోమని అమ్మాయి పోరుతోంది. నా ఊపిరితిత్తుల్ని మధ్యవర్తిత్వానికి పంపొద్దన్నాను.

జనవరి 9

మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవు. గిన్నెలే మాట్లాడుకుంటున్నాయి.

జనవరి 11, సాయంత్రం

అల్లుడు కుర్చీ లాక్కుని నా ముందు కూర్చున్నాడు. కాలేజీలో లా చెప్పి రిటైరైన అత్తగారు ఇంట్లో ఉండగా వకీలెందుకు దండగనుకున్నట్టున్నాడు. ఆ ఉత్తర్వు చెల్లుతుందా అని అడిగాడు. చెల్లుతుందంటే రేపే వేయించుకుంటాడట. మెషీన్ బ్లేడుకి అడ్డంగా ఆ శాఖ పెట్టించిన గార్డు వల్లే తన వేళ్ళు మిగిలాయి, ఆ శాఖ మాట తీసెయ్యలేడట.

ఒక్క ‘చెల్లుతుంది’ చాలు. ఉద్యోగం నిలుస్తుంది, అమ్మాయి నిద్రపోతుంది, నేనూ హాయిగా ఊపిరి పీలుస్తాను. నాలిక చివరిదాకా వచ్చింది.

చెల్లదన్నాను. పని వల్ల వచ్చే ప్రమాదాన్ని ఆపమని చట్టం ఆ శాఖను పెట్టింది. బ్లేడు ప్రెస్సులోనే ఉంటుంది. ఈ జ్వరం బస్సులో ఉంటుంది, బజార్లో ఉంటుంది, మన హాల్లోనూ ఉంటుంది. జనమందరికీ సూది వెయ్యాలంటే చట్టసభ నిర్ణయించాలి గానీ, గార్డులు బిగించే శాఖ కాదు.

టీకా మాత్రం మంచిదేనని, నువ్వే పిరికివాడివని కూడా చెప్పాను. అది న్యాయసలహా కాదు, ఉచితం.

గుమ్మంలో నిలబడి విన్న అమ్మాయి, నువ్వసలు ఎవరి తరఫు అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

జనవరి 24

కోర్టు ఉత్తర్వును ఆపేసింది. నేను చెప్పిందే రాశారు, కాస్త ఎక్కువ కాగితం ఖర్చుపెట్టి.

అల్లుడు ఎగురుకుంటూ వస్తాడనుకున్నాను. చెప్పులు విప్పుతూ అక్కడే ఆగిపోయాడు.

“ఆ రోజు అబద్ధం చెప్పి ఉండొచ్చుగా అత్తయ్యా?”

“ఇంకెవరైనా అడిగుంటే చెప్పేదాన్నే.”

ప్రెస్సులో ఇద్దరు దగ్గుతున్నారట. కంచం పట్టుకెళ్ళి వరండాలో కూర్చుని తిన్నాడు. లోపలికి రమ్మని నేనూ అనలేదు.

జనవరి 29

పొద్దున్నే అల్లుడు కాఫీ తెచ్చాడు. ఎడమచేతివాటం మనిషి, ఇవాళ కుడిచేత్తో. సగం సాసర్లోనే ఉంది. ఎడమ భుజాన చిన్న దూది.

సాసర్లోది కూడా తాగాను.