ఎడమ ఛానల్ తప్పు ఎవరిది

చెల్లికి,

‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మాస్టారి ఎదుట నాలుగు మాటలు అన్నానని పెట్టె సర్దుకుని పోయావు. ఆయన ఆంప్లిఫయర్ ఇంకా నా బల్ల మీదే ఉంది. ముప్పై ఏళ్ళు మోగిన పెట్టె. నువ్వు వాల్యూమ్ కంట్రోల్ మార్చిన వారానికే ఎడమ ఛానల్ మూగబోయింది. పది నిమిషాలు పాడుతుంది, వేడెక్కగానే నోరు మూస్తుంది. కుడివైపు శుభ్రంగా ఉంది. లోపల ఏం కాల్చావో దాచకుండా రాయి. కొట్టు పరువు పోతోంది.

అన్నయ్య

*

అన్నయ్యకు,

నాలుగు మాటలా? ‘నా బుద్ధి గడ్డి తిని ఆడపిల్ల చేతికి టంకం కడ్డీ ఇచ్చాను’ అన్నావు. ఆ మాట ఈ ఊరిదాకా వచ్చింది. ఇక్కడి రేడియో కొట్టు యజమాని, ‘సొంత అన్నే నమ్మలేదటగా’ అని రిపేరు పని ఇవ్వకుండా నన్ను వైర్లు అమ్మే కౌంటర్ దగ్గర నిలబెట్టాడు.

ముందు స్పీకర్ వైర్లు అటూ ఇటూ మార్చి చూడు. తర్వాత వెనకాల పాట వచ్చే వైర్లు మార్చు. అయినా ఎడమ ఛానలే ఆగిపోతే జబ్బు పెట్టె లోపలే ఉన్నట్టు. వేడెక్కి ఆగాక ఎండు పుల్లతో ఒక్కో టంకం అతుకునూ మెల్లగా తట్టు. ఎక్కడ తడితే పాట తిరిగొస్తుందో తప్పు అక్కడ. ఇదంతా నాకు నేర్పింది నువ్వే. తిట్టకముందే చేసి ఉండాల్సింది.

చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. వైర్లు ఎలా మార్చినా ఎడమ ఛానలే ఆగింది. పుల్లతో తడుతూ పోతే పెద్ద ట్రాన్సిస్టర్ కాలి దగ్గర గరగరమంటూ పాట వచ్చింది. భూతద్దం పెట్టి చూశాను. టంకం ముద్దలా, మసకగా ఉంది, చుట్టూ వెంట్రుకంత పగులు. నీ అతుకు ఆవగింజంత ఉంటుంది, మెరుస్తుంది. ఇది నీది కాదు. రెండేళ్ళ క్రితం నేను పెట్టిందే.

కరిగించి మళ్ళీ వేశాను. సాయంత్రందాకా రెండు వైపులా మోగింది. జరిగింది జరిగినట్టు మాస్టారికి చెప్పి పెట్టె ఇచ్చేశాను. కోపం వదిలి వచ్చెయ్.

నీ అన్నయ్య

*

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఊరికి వస్తానని యజమానిని సెలవు కూడా అడిగాను. మర్నాడే మాస్టారు పనిగట్టుకుని బస్సెక్కి ఈ కొట్టుకు వచ్చారు.

“అమ్మా, పొరపాటు ఎవరైనా చేస్తారు. నువ్వు కాల్చినదాన్ని మీ అన్నయ్య బాగుచేశాడు. ఇంక మనసులో పెట్టుకోకు” అని నన్ను ఓదార్చారు.

జరిగింది జరిగినట్టు అంటే ఇదా?

నీ ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టాను. నిలబడే రెండుసార్లు చదివారు. ఆ తర్వాత దాన్ని మా యజమాని ముందు పెట్టి, “మీరూ చదవండి” అన్నారు.

నాలుగు గోడల మధ్య తప్పు ఒప్పుకుని, నలుగురిలో నన్నే దోషిని చేశావు. నేను రాను. సోమవారం నుంచి ఇక్కడ రిపేరు బల్ల నాది.

నీ ఉత్తరం మాస్టారు అడిగి తీసుకెళ్ళారు. ఇది నీకు అందేసరికి ఆయన నీ కొట్టు గుమ్మంలో ఉంటారు.

చెల్లి