అన్న ఇంటికి ఇచ్చిన తోటకూర

జూలై, శుక్రవారం రాత్రి

మా పెరటి తోటకూర ఈ వారం కోసింది, ఎప్పటిలాగే ముందుగా అన్న ఇంటికి ఇచ్చి వచ్చాను. గంప మరిచిపోయి వెనక్కి వెళితే, వదిన ఆ కట్టలన్నీ వీధిలో ఆవుకు వేస్తోంది.

“మీ అన్నే తినొద్దన్నాడు. మన వర్క్‌షాపులో క్రోమ్ పూత వేసినాక మిగిలిన నీళ్ళు మీ గోడ ఎనక గుంతలోనే గదా పోసేది? ఆడనించి మీ బాయిలోకి ఊరుతాదంట.”

ఆ నీళ్ళు లారీలో బయటికి పంపించేస్తున్నామని అన్న నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఆ బావి నీళ్ళే మడికి పెట్టాను. క్రోమియం నీళ్ళలోంచి వేరుకు, వేరులోంచి ఆకుకు, ఆకులోంచి నా పిల్లల ఒంట్లోకి... అన్నీ తెలిసే వారం వారం నవ్వుతూ కట్టలు అందుకున్నాడే!

వాళ్ళింటికి పాలు పోసేది ఆ ఆవువాళ్ళే. పొద్దున అన్న కాఫీ ఆ పాలతోనే. వదినకు తట్టలేదు.

నేనూ చెప్పలేదు.